కాంతం ఇంటి కారు షెడ్డు

కాంతం భూస్థాపన నాడు మాట్లాడినవాళ్ళందరూ ఆమె పాట గురించి చెప్పారు, ఆకలన్నవాడికి పెట్టే చెయ్యి గురించి చెప్పారు. ఆమెకు ఎంత కుళ్ళుండేదో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం మర్యాదే. కానీ అది తీసేస్తే మిగిలేది కాంతం కాదు. తోడికోడలు బేబీ కొత్త చీర కట్టుకుని చర్చికి వస్తే, ఆ పూట పాస్టరు గారి ప్రసంగం ఒక్క ముక్క కాంతం చెవిన పడేది కాదు. బేబీ వండిన చేపల పులుసు బాగుందని ఎవరైనా అంటే, "సింతపండు ఎక్కువేస్తే ఎవులొండినా బాగానే ఉంటాది" అనేది.

ఆ కుళ్ళంతా ఒక ఏడాది గచ్చు మీదకి దిగింది.

కొత్తవలసలో రైలు కట్టకు దగ్గరగా ఉన్న ఆమె ఇంటి ముందు ఒక కారు షెడ్డు ఉండేది. భర్త ధనరాజ్ టాక్సీ నడిపిన రోజుల్లో కట్టించాడు. అతను పోయాక కారు అమ్మేశారు. ఖాళీగా పడున్న షెడ్డులో శుక్రవారం మధ్యాహ్నాలు స్త్రీల సమాజం ప్రార్థన కూటం మొదలైంది. మగదిక్కు లేని గుమ్మం ముందు వారానికోసారి అన్ని జతల చెప్పులు కనపడితే కాంతానికి గుండె నిండేది. కిరండూల్ వైపు నుంచి ఇనుప రాయి మోసుకొచ్చే గూడ్సు బళ్ళ ఎర్ర దుమ్ము ఆ గచ్చు మీద పేరుకునేది. అందుకని రోజూ పొద్దున్నే బిందెలతో నీళ్ళు కొట్టి కడిగేది.

పక్క వీధిలో బేబీ, ఆమె భర్త, అంటే కాంతం మరిది రమేష్‌బాబు, కొత్త ఇల్లు కట్టుకున్నారు. కారు కొన్నారు. కారు షెడ్డు గచ్చుకి ఎపాక్సీ కోటింగ్, గాజులా గట్టిపడే పూత, వేయించారు. లేత బూడిద రంగు, అందులో తెల్లటి నల్లటి చుక్కలు. ఆయిలు కారినా గుడ్డతో తుడిస్తే పోతుంది, దుమ్ము పట్టదు, టైరు మరక నిలవదు. ఇంతకీ ఆ పూత వేసినవాడు ఎవరో కాదు, కాంతం సొంత తమ్ముడు బెన్హర్. విశాఖలో ఫ్యాక్టరీల గచ్చులకు వేసి పని నేర్చుకుని, ఇప్పుడు విజయనగరం చుట్టుపక్కల ఇళ్ళకు వేస్తున్నాడు.

ఆ గచ్చు మీద కూర్చుంటే చీరలకు ఎర్ర దుమ్ము అంటదని ఆడవాళ్ళు సంతోషపడ్డారు. పాస్టరమ్మ అనూరాధ గారు కూటాన్ని బేబీ ఇంటికి మార్చారు.

ఆ వారమే బెన్హర్ అక్క ఇంటికొచ్చాడు.

"నా రగతం పంచుకు పుట్టినోడివి. దాని గచ్చు తళతళలాడించీసి, నా కాడికొచ్చి టీ అడుగుతన్నావేట్రా?"

"ఆళ్ళు పిలిసినారు, ఏసినాను. నువ్వు పిలిసినావేటప్పా?"

"ఇపుడు పిలుస్తన్నాను. ఎయ్యి."

బెన్హర్ వంగి గచ్చు మీద అరచెయ్యి ఆనించాడు. "పచ్చిగున్నాదప్పా. రోజూ సెరువు సేసీసి కడుగుతావు. అడుగునుంచి కూడా సెమ్మెక్కుతాది. తడి మీద ఏస్తే పొంగీసి ఊడొచ్చేస్తాది. ఎండాకాలం రానీ."

"ఎండాకాలమా? వచ్చే నెల సమాజం వార్షికోత్సవం. ఏడాది పొడుగునా కూటం ఎవులింటోనో ఆ రోజే తేలుస్తారు. దానింట్లోనే అని తేల్చీసినాక నాకు గచ్చెందుకురా, నా మొకానికి?"

పోరు పడలేక బెన్హర్ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, షెడ్డు మధ్యలో పరిచి, నాలుగు వైపులా టేపు అంటించాడు. "రేపీపాటికి దీని అడుగున నీటి బొట్లు కట్టకపోతే ఏస్తాను. కడితే ఎయ్యను. కడగొద్దు, ముట్టుకోవద్దు."

మర్నాడు తెల్లారగానే కాంతం వెళ్ళి చూసింది. కవరు అడుగున చెమట పట్టినట్టు బొట్లు. ఆ బొట్ల వంక చూస్తూ నిలబడితే ఆమెకు బేబీ ఇంటి గుమ్మం కనిపించింది, దాని ముందు జతలు జతలుగా చెప్పులు కనిపించాయి. కూర్చుని మెల్లగా టేపు ఊడదీసింది. పమిటతో కవరు తుడిచింది, గచ్చు తుడిచింది, టేబుల్ ఫ్యాను తెచ్చి ఆరబెట్టింది. టేపు మళ్ళీ అంటించి బొటనవేలితో గట్టిగా రాసింది.

బెన్హర్ వచ్చి చూశాడు. బొట్టు లేదు. టేపు ఒక మూల ముడతపడి ఉంది.

"ముట్టుకోలేదు గదా అప్పా?"

"నాకేటి పనిరా దాంతో?"

అక్క మాట కాదనలేకపోయాడు. గచ్చు అరగదీసి, ప్రైమర్ కొట్టి, రెండు డబ్బాలు కలిపి పూత వేశాడు. బేబీ గచ్చులో లేని నీలం చుక్కలు కూడా వేయించుకుంది కాంతం.

ఆ కొత్త గచ్చు చూసి వార్షికోత్సవం కాంతం షెడ్డులోనే పెట్టారు. ఇక ఏడాది పొడుగునా కూటం కాంతం ఇంట్లోనే అని పాస్టరమ్మ చెప్పారు. బేబీ వంగి, ఆ నీలం చుక్కల మీద చెయ్యి రాసి, "మా దానికన్నా బాగున్నాదక్కా" అంది. మనస్ఫూర్తిగానే అంది. కాంతానికి అది మరీ మంటెక్కించింది. ఓడిపోయిన మనిషి అంత హాయిగా ఎలా నవ్వుతుంది?

నెల తిరక్కుండా పొంగులు లేచాయి. మొదట మినపగింజంత, తర్వాత గారెంత. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే ఎవరో ఒకరి వేలు ఊరుకునేది కాదు. టప్పుమనేది. ఒక శుక్రవారం అలా పగిలిన పొంగులోంచి మురికి నీరు చిమ్మి పాస్టరమ్మ చీరకు అంటింది.

"సొంత అప్పకే ఇలగ సేసినోడు పరాయోళ్ళకేటి సేస్తాడు?" వెనక వరసలోంచి ఒకామె అంది.

బేబీ ఇబ్బందిగా కాంతం వైపు తిరిగింది. "మా ఆయనోళ్ళ ఆఫీసరు గారు బొబ్బిలిలో ఇల్లు కడతన్నారక్కా. కింద షెడ్డంతా బెన్హర్‌కే ఇప్పిస్తామని సెప్పి ఉంచినాము. ఈ పొంగులు సూసి నీ మరిది వద్దంటన్నాడు. నన్నేటి సెప్పమంటావు?"

నోరు మూసుకుంటే సరిపోతుంది. తమ్ముడు మోసం చేసిన అక్క అని అందరూ జాలిపడతారు. మళ్ళీ పూత వేయించుకోవచ్చు, కూటం ఎక్కడికీ పోదు. పోయేది బెన్హర్ పేరు. నోరు విప్పితే, ఈ లోకంలో మరెవరి ముందైనా సరే గానీ, బేబీ ముందు విప్పాలి.

సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండమ్మా అన్నారు పాస్టరమ్మ. కాంతం లేచింది.

"ఆడి తప్పు లేదు. తడిగున్నాది, ఎయ్యనన్నాడు. కవరు కింద నీళ్ళు కట్టినాయి. ఆడు రాకముందే నాను తుడిసీసినాను."

"ఎందుకలాగ సేసినావక్కా?" అంది బేబీ.

"ఎందుకేటి? నీ గచ్చు సూసినకాణ్ణుంచి నాకు ముద్ద దిగలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. బేబీ నవ్వలేదు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గీ," అంది కాంతం. "జాలి పడకు. నువ్వు జాలి పడితే నాకింకా కుళ్ళొస్తాది."

బేబీ చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో ఫోను తీసి, అక్కడే నిలబడి మొగుడితో మాట్లాడింది. బొబ్బిలి పని బెన్హర్‌దే అని చెప్పేదాకా ఊరుకోలేదు.

వచ్చే వారం నుంచి కూటం బేబీ ఇంట్లో అని పాస్టరమ్మ చెబుతుంటే కాంతం తలొంచుకుని విన్నది. మిగతావాళ్ళు వెళ్ళాక చాపలన్నీ చుట్టి, బరువైన కట్ట తాను భుజాన వేసుకుని, చిన్నది బేబీ చేతికిచ్చింది.

"మా ఇంట్లో కుర్సీలున్నాయి గదక్కా."

"ఉండనీ. నీ గచ్చు మహా సల్లగుంటాది. ముసిలోళ్ళకి కాళ్ళు లాగుతాయి. మీద ఎయ్యాల్సింది నా సాపలే. నడు."