కరుణమ్మగారు అజాగ్రత్త మనిషి కాదు

కరుణమ్మగారు ఇక లేరు. ఈ వాక్యం రాసి, కలం కింద పెట్టి, మళ్ళీ చూసుకున్నాను. నా చేత్తో నేను రాసిన మరణాలు వందల్లో ఉంటాయి. హీరోల తండ్రుల్ని, విలన్ల తమ్ముళ్ళని, పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళని సైతం కనికరం లేకుండా చంపినవాణ్ణి. ఈ ఒక్క మరణం మాత్రం నా కలానికి లొంగడం లేదు.

శనివారం ఉదయం యూసుఫ్‌గూడ బస్టాపులో నిలబడి, పక్కనున్న ఆవిడతో "కాస్త ఈ సంచీ పట్టుకోమ్మా" అని అరుగు మీద కూర్చున్నారట. అంతే. బస్సు వచ్చేసరికి మనిషి లేదు. ఆ కబురు నాకు మా సినిమా ఆఫీసు డ్రైవరు యాదగిరి ఫోనులో చెప్పాడు. రహమత్ నగర్‌లో వాళ్ళిద్దరిదీ ఒకే వీధి.

"సార్, కరుణమ్మక్క పోయింది సార్."

"ఎక్కడికయ్యా?"

"ఏడికంటరేంది సార్! సచ్చిపోయింది. గిప్పుడే ఇంటికి తెచ్చిన్రు."

నేను వెంటనే ఫిల్మ్‌నగర్‌లో నలుగురికి ఫోను చేశాను. మొదటివాడు పకపకా నవ్వి "పొద్దున్నే మొదలెట్టావా పానకాలూ!" అన్నాడు. రెండోవాడు నవ్వకుండానే పెట్టేశాడు. షూటింగు నుంచి తప్పించుకున్న సింహం మా వరండాలో రాత్రంతా పడుకుని, పొద్దున్నే ఇడ్లీ తిని వెళ్ళిందని నేను చెబితే నమ్మిన మహానుభావులు వీళ్ళు. ఒక సాధ్వి కన్నుమూసిందంటే నమ్మలేదు. నమ్మకపోవడమే సబబని నాకూ అనిపించింది. శుక్రవారం మధ్యాహ్నం నా ఎదుట కూర్చుని ఉత్తరం దిద్దిన మనిషి శనివారం ఎలా పోతుంది?

ఆదివారం సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన ముగిశాక, మా మేనేజరు కోటేశ్వరరావుగారు నా చెవిలో మెల్లగా అన్నారు: "మహా మంచి మనిషండీ. పనిలో కాస్త అజాగ్రత్త గానీ." ఆవిడ మరణం కన్నా నన్ను ఎక్కువ కుదిపింది ఆ మాటేనంటే అతిశయోక్తి కాదు. అతిశయోక్తులు నాకు బాగా తెలుసు. ఆ మాట అబద్ధం. అది అబద్ధమని తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఈ నాలుగు మాటలు.

కరుణమ్మగారిది బాపట్ల. మద్రాసులో స్క్రిప్టులు టైపు చేస్తూ జీవితం ప్రారంభించి, పరిశ్రమతోపాటే ఇక్కడికి తరలివచ్చి మా ఆఫీసులో చేరారు. డబ్బింగ్ థియేటర్లో మసక వెలుతురులో ఆర్టిస్టు చదువుకునే డైలాగు కాగితాలు రాయడంలో ఆవిడకి సాటి లేరు. వేరుశనగ గింజలంత అక్షరాలు, లైనుకి అయిదారు మాటలు, లైనుకీ లైనుకీ మధ్య వేలు పట్టేంత ఎడం. "లైను ఊపిరికన్నా పొడుగుండకూడదండీ. చదివేవాడు ఆయాసపడితే తప్పు రాసినవాడిదే" అనేవారు. కంఠంలో వణుకు పుట్టాల్సిన చోట లైను ముందే తెగ్గొట్టేవారు. అక్కడ ఆర్టిస్టు తనకు తెలియకుండానే ఆగేది, ఏడుపు దానంతటదే వచ్చేది. పేరు మాత్రం మాకొచ్చేది.

రెండేళ్ళ కిందట మా ఆఫీసులోకి కంప్యూటరు వేంచేసింది. మా యువ దర్శకుడికి ఈమెయిలంటే ప్రాణం. అవుట్‌డోర్ నుంచి సీన్ల మార్పులన్నీ అందులోనే పంపేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అన్నీ పెద్దబడి క్యాపిటల్ అక్షరాలు, పేరా అన్నమాట లేదు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా రైలుబండి లాంటి లైన్లు. పైగా జవాబు మీద జవాబు పెరిగేకొద్దీ కింద వేలాడే పాత ఉత్తరాల ప్రతి లైను ముందూ బాణం గుర్తులు. ఆ తెల్లటి వెలుగులో నాకు అక్షరాలు చీమల్లా పాకేవి. అప్పటికి ఏడాదిగా నా కళ్ళ వెనక పొర మధ్యలో మసకబారుతోందనీ, అద్దాలతో పోయేది కాదనీ డాక్టరు చెప్పాడు. ఈ సంగతి మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. చూపు తగ్గిన రచయితకి ఫిల్మ్‌నగర్‌లో పరామర్శలు దొరుకుతాయి, సినిమాలు దొరకవు.

అందుకని ఒక కథ అల్లాను. ఆ గాజుతెరలోంచి వచ్చే కిరణాలు రచయితల బుర్రలోని కథల్ని పీల్చేస్తాయనీ, మద్రాసులో ఒకాయన దాని ముందు గంట కూర్చుని లేచేసరికి సెకండాఫ్ మొత్తం మాయమైందనీ ఆఫీసంతా చాటాను.

కరుణమ్మగారు తలెత్తకుండానే అన్నారు: "మీకు భయం దేనికండీ పానకాలుగారూ? మీ కథల్లో సెకండాఫ్ ఎప్పుడుంది గనక?"

ఒకరోజు తప్పించుకోలేకపోయాను. మేనేజరుగారు ఎదురుగా నిలబడి "దర్శకుడు ఏం రాశాడో చదవండి" అన్నారు. నేను తెర ముందు కూర్చుని గంభీరంగా గొంతు సవరించుకుని, హీరో మావగారు ఏనుగు మీద ఊరేగాలని దర్శకుడు కోరుతున్నట్టు చదివేశాను. మేనేజరుగారు ఏనుగు కోసం వెళ్ళారు. పక్కనే ఉన్న కరుణమ్మగారు తెర వంక, నా వంక చూశారు. ఆ ఉత్తరంలో ఉన్నది హీరో చొక్కా రంగు మార్చమని. ఆవిడ మేనేజరుగారి వెనకే వెళ్ళి "ఏనుగు సంగతి మళ్ళీ చూద్దామన్నారటండీ" అని వెనక్కి తెచ్చారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి తెర తెల్లగా లేదు. పాతకాలం కాగితంలా లేత పసుపు రంగులో ఉంది. పెద్దబడి అక్షరాలు పోయి మామూలు అక్షరాలు, అవీ లావుగా, నల్లగా. లైన్లు తెర మధ్యలోనే తెగాయి. బాణాలున్న పాత లైన్లు ఒక్కటీ లేవు. "బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేశానండీ" అన్నారు. ఏడాది తర్వాత మొదటిసారి నేను ఒక ఉత్తరం సొంతంగా చదివాను. కళ్ళనీళ్ళు వస్తే కిరణాల ప్రభావమన్నాను. "అవునండీ, పాడు కిరణాలు" అన్నారు.

అప్పటి నుంచి రోజూ ఉత్తరం దిద్దడం, నేను చదవడం. ఆ ఏరివేతలోనే ఒకనాడు పొరపాటు జరిగింది. సీనులో హీరోయిన్ తల్లిని చంపాలా వద్దా అని నేను అడిగించాను. దర్శకుడు నా ప్రశ్న కిందే "చంపొద్దు" అని జవాబు రాసి, హోటలు వాళ్ళ చేత ఆ ఉత్తరాన్నే మరోసారి ఫార్వర్డ్ చేయించాడు. దాంతో ఆయన జవాబులకీ బాణాలు మొలిచాయి. పాత ఉత్తరమనుకుని కరుణమ్మగారు అవీ ఏరేశారు. జవాబు కనబడక, నా అలవాటు ప్రకారం తల్లిని చంపేసి సీను ఫ్యాక్సులో పంపాను. అక్కడ తల్లి వేషం వేస్తున్న ఆవిడ, గోడకి దండ వేసిన తన ఫొటో చూసి "నాకు చెప్పకుండా చంపుతారా!" అని మేకప్ తుడిచేసుకుని బస్సెక్కిందట.

దర్శకుడి ఫోను పిడుగులా పడింది. మేనేజరుగారు అందరినీ నిలబెట్టారు.

"చంపొద్దని స్పష్టంగా రాశాడట. పానకాలుగారూ, మీరు మెయిలు మీ కళ్ళతో చూశారా, లేదా?"

సింహానికి ఇడ్లీలు పెట్టిన నోటికి ఒక్క కథ తోచలేదు.

"ఆయన చూస్తానన్నారండీ" అన్నారు కరుణమ్మగారు. "నేనే చూపించలేదు. మిషను ఆపేసి ఇంటికెళ్ళిపోయాను. పొరపాటు నాది."

పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆ పది నిమిషాలూ రిజిస్టరులో రాసే మనిషి! ఆవిడ నోట నేను విన్న ఏకైక అసత్యం అది. నేను నోరు విప్పలేదు. మర్నాటి నుంచి ఆవిడని కంప్యూటరు దగ్గర నుంచి తప్పించి డబ్బింగ్ థియేటరుకే పరిమితం చేశారు.

మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను: "ఎందుకలా అన్నారమ్మా?"

"ఏరేసింది నేనే కదండీ. సగం నిజమే."

"మిగతా సగం?"

"అది నేనూ ప్రభువూ మాట్లాడుకుంటాం. మీరు ముందు ఆ తల్లిని బతికించండి, పాపం."

దాంతో అయిపోలేదు. ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం థియేటరుకి వెళుతూ పది నిమిషాలు మా ఆఫీసుకొచ్చి, తనది కాని కుర్చీలో కూర్చుని నా ఉత్తరం దిద్ది వెళ్ళేవారు. ఏదీ తీసేయడం మానేశారు. నా ప్రశ్నలు నలుపులో, జవాబులు నీలంలో ఉంచేవారు. "అజాగ్రత్త మనిషి మళ్ళీ వచ్చిందే" అని ఎవరో ఒకరు వేళాకోళమాడేవారు. ఆవిడ నవ్వి అక్షరాలు పెంచేవారు. నేను కూడా నవ్వేవాణ్ణి.

నిజం చెబుదామనే అనుకున్నాను. ఈ సినిమా విడుదల కానీ అనుకున్నాను, తర్వాత వచ్చే సినిమా చేతికి రానీ అనుకున్నాను. ఆవిడకి యాభై ఆరేళ్ళే, తొందరేముందనుకున్నాను. బస్టాపు అరుగు సంగతి నాకేం తెలుసు?

కోటేశ్వరరావుగారూ, ఆనాడు మీరడిగిన ప్రశ్నకి ఇదిగో జవాబు. నేను ఆ మెయిలు ఉన్నదున్నట్టుగా చూడలేదు, చూడలేను. రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోయింది. సమాధి దగ్గర మీరన్న మాట ఆవిడకి చెందదు, దయచేసి వెనక్కి తీసుకోండి. ఇక నాకు పని ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ అందరి ఇష్టం. ఇచ్చేట్టయితే తెర తెలుపు తగ్గించండి, అక్షరం లావు చెయ్యండి, లైను ఊపిరి దగ్గర తెంచండి, జవాబుకి వేరే రంగు వెయ్యండి. పావుగంటలో ఎవరికైనా పట్టుబడే విద్య అది. రేపటి నుంచి అది చేసిపెట్టేవాళ్ళు నాకు దొరకవచ్చు.

నన్ను కాపాడి, తన పేరు పోగొట్టుకుని, ఆ పోయిన పేరుతోనే రోజూ నా గుమ్మమెక్కిన కరుణమ్మగారు దొరకరు. ఆ తల్లికి తలవంచి నమస్కరిస్తున్నాను. బతికుండగా చేయవలసిన పని ఇది.