బియ్యం డ్రమ్ము మీద లీడరు మొఖం

మా బియ్యం డ్రమ్ముకు తుప్పు పట్టింది. పారేసి కొత్తది తెద్దామన్నాడు మా ఆయన. నేను ఫోన్‌లో వీడియోలు చూసిన ధైర్యంతో రంగులేస్తానన్నాను. బాన్సువాడ బస్టాండ్ దగ్గరి దుకాణంలో ఇనామిల్ రంగులు కొన్నాను. తుప్పంతా గీకి, నల్లరంగు పూసి, దాని మీద నెమలిని మొదలుపెట్టాను. మా అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసి, "గిది కోడా, బాతా?" అంది. తోక ఇంకా వెయ్యలేదన్నాను. తోక వేశాక, "ఇగ జర నెమలి లెక్క కనబడుతుంది" అని ఒప్పుకుంది.

పక్కింటామె వచ్చి "అబ్బ, ఎంత మంచిగుందే!" అన్నదో లేదో, అత్తమ్మ పద్ధతే మారిపోయింది. సాయంత్రానికి డ్రమ్ము ముందు గదిలోకి, టీవీ పక్కకు చేరింది. గీతలు పడతాయని బియ్యం సంచిలోకి పోయాయి. దుమ్ము పడకుండా డ్రమ్ముకు పాత చీర కప్పింది. చుట్టాలొస్తే ఛాయ్ కంటే ముందు చీర తీసి దర్శనం చేయించేది. "కోడలే వేసింది గానీ, నేనే దగ్గరుండి చెప్పిన" అనేది.

అవి మున్సిపల్ ఎలక్షన్ల రోజులు. ఓటడగడానికి వచ్చిన మా వార్డు లీడరుకు కూడా ఆ దర్శనం అయింది. చూసి ఆగిపోయాడు.

"చెల్లె, గోడ మీది పోస్టరయితే ఎవడన్న చింపుతడు. బియ్యం డ్రమ్మును ఎవడు చింపుతడు? ముందుగాల మా ఇంటి డ్రమ్ము మీద నా బొమ్మ వెయ్యి. మంచిగొస్తే వార్డంతా వేయిద్దాం."

మరునాడే ఆటోలో డ్రమ్ము దిగింది, దాంతో పాటు ఆయన దండం పెడుతున్న ఫొటో. ఉన్నదున్నట్టు వేశాను. వచ్చి చూసి చిన్నబుచ్చుకున్నాడు.

"జుట్టు జర దట్టంగ వెయ్యి చెల్లె."

వేశాను. తర్వాత మీసం పెంచమన్నాడు. రంగు తెల్లగా తేల్చమన్నాడు. గదవ కింది కండ తీసెయ్యమన్నాడు. వార్డుకు ఏం చేస్తాడో గానీ, తన మొఖానికి మాత్రం మస్తు అభివృద్ధి చేయించుకున్నాడు.

అంతా అయ్యాక మనుషులను వెంటేసుకుని వచ్చాడు. "అచ్చం నీ లెక్కనే ఉందన్నా!" అని వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా అత్తమ్మ అద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూసింది.

"గీయన అవతలి పార్టీ ఆయన గదా! నిన్ననే ఓటడగనీకి వచ్చిండు."

చప్పట్లు ఆగిపోయాయి. నిజమే. ఆ జుట్టు, ఆ మీసం, ఆ రంగు అన్నీ ఆ అవతలి పార్టీ ఆయనవే. వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"తుడిచెయ్, తుడిచెయ్!" అన్నాడు లీడరు.

"ఇనామిల్ రంగు తుడిస్తే పోదన్నా. దాని మీద ఇంకోటి వెయ్యాలె."

"ఏదన్న వెయ్యి. మనిషిని మాత్రం వెయ్యకు."

చిలకలు వేశాను. మీసం ఉన్నచోట కొమ్మ సరిగ్గా సరిపోయింది. డ్రమ్ము కోసం లీడరు భార్య వచ్చింది. దాని చుట్టూ తిరిగి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేను ముందే చిలకలు వేయించమన్న చెల్లె, నా మాట ఇంటే గదా! పొద్దంతా ఆ మొఖమే చూస్తున్న. బియ్యం తీసేటప్పుడు గూడ చూడాల్నా?"

ఎలక్షన్లలో ఆయన ఓడిపోయాడు. ఆమె మాత్రం మరుసటి వారమే పప్పు డబ్బా, పిండి డబ్బా పంపింది, వాటి మీద కూడా చిలకలే కావాలని.