గోల్‌పోస్టు వెనక నా తలుపు

మా పెరటి తలుపు తీస్తే ఎదురుగా గోల్‌పోస్టు కనపడేది. వలకి ఎక్కడెక్కడ చిరుగులున్నాయో గడపలో కూర్చుని చెప్పేదాన్ని. అది మిషన్ స్కూలు వాళ్ల గ్రౌండు. ఇళ్లకీ గ్రౌండుకీ మధ్య నాపరాళ్లు నిలబెట్టిన కంచె ఉండేది, నడుం ఎత్తున. నా తలుపు కాడ మాత్రం కంచె లేదు. మా ఆయన బతికున్నప్పుడు గేదెను అటు తోలేవాళ్లం, అందుకని ఆ సందు వదిలేశారు. తర్వాత గేదెను అమ్మేశాం. క్వారీ దుమ్ము రొమ్ముకి పట్టి ఆయనా పోయాడు. తలుపు మిగిలింది.

నాకు పిల్లల్లేరు. ఎవరన్నా అడిగితే ఇట్టాగే ఒక్క ముక్కలో చెప్తా. అడిగినవాళ్లే ఇబ్బంది పడి మాట మారుస్తారు.

సాయంత్రం అయితే బంతి నా పెరట్లో పడేది. కంచె మీద నుంచి ఒక తల లేచేది.

"పెద్దమ్మా, బంతి!"

"మీ బంతి నా పప్పుకుండలో పడింది. రేపొచ్చి తినండి."

"ఉప్పు సరిపోయిందా పెద్దమ్మా?"

తిట్టుకుంటూ విసిరేదాన్ని. ఆ తిట్లు కూడా లేకపోతే పొద్దున్నుంచీ నోరు తెరిచే పనే ఉండేది కాదు. చర్చి వరండాలో సాయంత్రం బడి పెడితే, జుట్టు నెరిశాక పోయి అక్షరాలు నేర్చుకున్నాను. నా అంతట నేను చదివిన మొదటి ముక్క బైబిల్లోది కాదు, గ్రౌండు గేటుకి కట్టిన టోర్నమెంటు బ్యానరు. నేర్పినామెకి ఆ సంగతి చెప్పలేదు.

ఎదురింట్లో మా మరిది కొడుకు ఉంటాడు. ట్రాక్టరు తోలతాడు. గ్యాసు బండ వాడే మోసుకొచ్చేవాడు, నరసరావుపేట ఆసుపత్రికి వాడే తీసుకుపోయేవాడు. పని నుంచి వచ్చి నా మెట్టు మీద కూర్చుని, ఎవడి ఎద్దులు గెలిచినయ్, ఎవడు ఏ పార్టీలోకి దూకాడు, అన్నీ చెప్పేవాడు. నా ఇంట్లో రోజూ వినపడే మగగొంతు అదొక్కటే.

ఇప్పుడు మా వైపు జనం సంగతి ఒకటి చెప్పాలి. ఎడ్లు బండ లాగే పందెం మా వాళ్లు కూర్చుని చూడరు. బండ కదిలితే జనమూ కదులుతారు. గీత దాటి ఎడ్ల పక్కన ఉరుకుతారు. మన జత గెలిస్తే తోలినవాణ్ణి భుజాల మీదికి ఎత్తుతారు, పసుపునీళ్లు పోస్తారు. అట్టా ఉరకనివాడికి ఊరి మీద అభిమానం లేనట్టు. ఈ అలవాటునే ఫుట్‌బాల్‌కీ పట్టుకొచ్చారు. సున్నం గీత మీదే కూర్చుంటారు, కాళ్లు లోపలికి చాపుకుని. "కాళ్లు తియ్యండయ్యా, ఆడేవాళ్లకి తగుల్తయ్" అని ఆటల సారు మైకులో మొత్తుకుంటూనే ఉంటాడు. గోలు పడితే ఊరంతా లోపలే. గోలు కొట్టినవాణ్ణి పసుపునీళ్లతో తడిపి వదిలిపెడితే ఆట మళ్లీ మొదలయ్యేది. అది తప్పని ఎవరూ అనుకోలేదు. నేను గడపలో కూర్చుని నవ్వేదాన్ని.

పోయినేడు ఎండాకాలం ఫైనల్లో మా ఊరికీ, కృష్ణ అవతల నుంచి వచ్చిన టీముకీ పడింది. రెండో సగంలో వాళ్ల గోల్‌కీపరు నా తలుపు వైపుకి వచ్చాడు. సన్నటి మనిషి. బంతి పైకి లేస్తే చాలు, "నాది! నాది!" అని గొంతు చించుకుని ముందుకొచ్చేవాడు. మావాళ్లు ఊరుకుంటారా. వాడు "నాది" అన్నప్పుడల్లా గీత మీద కూర్చున్నవాళ్లంతా, "నీది కాదురా గోలీ, మాది!" అని అందుకునేవాళ్లు. ఆ గోల వినడానికి బాగానే ఉంది. వాడు కూడా ఒకసారి నవ్వాడు.

మధ్యలో ఎవరికో దెబ్బ తగిలి ఆట ఆగితే నా వైపు తిరిగి అడిగాడు.

"అమ్మమ్మా, జర మంచినీళ్లిస్తవా?"

చెంబిచ్చాను. సగం తాగి సగం నెత్తిన పోసుకున్నాడు.

అప్పటికి ఎవరికీ గోల్లేదు. ఇంకాసేపట్లో ఆట అయిపోతదనగా మా కుర్రాడొకడు బంతి తీసుకుని దూసుకొచ్చాడు. గోలీ కాళ్ల మీదికి దూకాడు, దొరకలేదు, బోర్లా పడ్డాడు. బంతి నెమ్మదిగా గోలు వైపు దొర్లుతా ఉంది. అడ్డం ఎవడూ లేడు. గోలు పడ్డట్టే అనుకుని జనం లేచి ఉరికారు. అందరికన్నా ముందు మా మరిది కొడుకు, పసుపునీళ్ల బక్కెట్టుతో.

బంతి ఇంకా గీత దాటలేదు. వాడి కాలికి తగిలి ఆగిపోయింది.

నేను చూశాను. పది బారల దూరం కూడా ఉండదు. వాడూ చూసుకున్నాడు, కాలి వంక చూసి బక్కెట్టు పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు. గోలీ పాక్కుంటా వచ్చి బంతిని పొట్ట కింద పెట్టుకున్నాడు. రిఫరీ ఈల ఊది గోలు కాదన్నాడు.

వెనక నుంచి వచ్చినవాళ్లకి ఇదేమీ తెలియదు. వాళ్లకి కనపడింది ఒక్కటే, గోలు దగ్గర గోలీ, వాడి చేతిలో బంతి.

"లోపల్నుంచి లాగాడ్రా!"

ఆ కేక ఎవడు వేశాడో తెలియదు. మా మరిది కొడుకు కాదన్నాడా అంటే, అనలేదు. కుర్చీలు లేచినయ్, రాళ్లు లేచినయ్. రిఫరీ పోలీసు జీపు వైపు పరిగెత్తాడు. వాళ్ల టీము బస్సు వైపు పరిగెత్తింది. గోలీ ఒక్కడే ఈ చివర ఇరుక్కుపోయాడు. కింద పడేసి తొక్కారు. ఎవడిదో చెప్పు కాలు వాడి భుజం మీద పడటం చూసి నేను లేచాను.

"ఇటు రారా!" అని అరిచాను.

ఎట్టా లేచాడో, వచ్చి గడపలో పడ్డాడు. లోపలికి లాగి గడియ పెట్టాను. పోయి వీధి తలుపూ వేసొచ్చాను.

బియ్యం డబ్బాకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి వేలాడిపోయింది. బయట తలుపు మీద దబదబా గుద్దుతున్నారు.

"మీవోళ్లేనా అమ్మమ్మా?"

"మావోళ్లే."

తలుపు వంక కాదు, నా చేతుల వంక చూశాడు.

"పెద్దమ్మా, తలుపు తియ్." మా మరిది కొడుకు గొంతు.

"తియ్యను."

"మనూరి గోలు మింగినోణ్ణి ఇంట్లో పెట్టుకుంటావా? నువ్వు ఏ ఊరిదానివి?"

"ఈ ఊరిదాన్నే. తియ్యను."

"పాత తలుపు పెద్దమ్మా. ఒక్క తన్నుకి ఊడతది."

అది నిజం. చెదలు పట్టిన తలుపు. గడియ మేకులు కదలటం నాకు కనపడతా ఉంది. అప్పుడన్నాను, అందరికీ వినపడేట్టుగానే.

"గోలు మింగింది ఈ పిల్లోడు కాదురా. నీ కాలు. బంతి నీ కాలికి తగిలి ఆగింది. నేను చూశా, నువ్వూ చూశావు. కాదని చెప్పు."

గుద్దటం ఆగింది. వాడు కాదనలేదు. కాసేపటికి ఎవడో నవ్వాడు.

"ఏందిరోయ్, నీ కాలేనా?"

ఇంకొకడు, "బక్కెట్టు పట్టుకుని గోలీకన్నా బాగా ఆపాడ్రా" అన్నాడు. నవ్వు పెరిగింది. మా జనం అంతే, నవ్వడానికి ఒకడు దొరికితే కొట్టడానికి వచ్చిన సంగతి మర్చిపోతారు. బక్కెట్టు వచ్చి తలుపుకి తగిలిన చప్పుడయింది. తలుపు కింద నుంచి పసుపునీళ్లు లోపలికి వచ్చినయ్. తర్వాత పోలీసులు వీధి వైపు నుంచి వచ్చి గోలీని తీసుకుపోయారు. పోతా పోతా నా కాళ్లకి వంగబోయాడు, భుజం నొప్పికి వంగలేకపోయాడు. "పో నాయనా" అన్నాను.

ఆ రోజు నుంచి ఎదురిల్లు నాతో మాట్లాడదు. ఊళ్లో మా మరిది కొడుకుని ఇప్పటికీ "గోలీ" అని పిలుస్తారు. ట్రాక్టరు నా గుమ్మం ముందు నుంచే పోతది, తల మాత్రం తిరగదు. పెరట్లో బంతి పడితే పిల్లలు కేకేయటం మానేశారు, ఒకడు గబుక్కున దూకి తీసుకుపోయేవాడు. ఇళ్లల్లో చెప్పి ఉంటారు. గ్యాసు బండ నేనే దొర్లించుకుంటున్నాను. చర్చిలో ఒకామె, "గడియ పెట్టావు బాగుంది, ఆ మాట నలుగురిలో అనకపోతే ఏం పోయేది?" అంది. తలుపు పోయేది. తలుపుతో పాటు ఆ పిల్లోడూ పోయేవాడు. ఆమెకి అట్టాగే చెప్పాను. ఇప్పుడు ఆమె కూడా కాస్త ఎడంగా కూర్చుంటది.

వానాకాలం అయ్యాక ఆటల సారు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడ్డాడు.

"గ్రౌండు చుట్టూ గోడ కట్టి పైన జాలీ వేస్తున్నామమ్మా. ఆడేవాళ్లకి ఒకటే గేటు, కాపలాతో. జనం లోపలికి రాకూడదు. మీ తలుపు మూసెయ్యాలి. మీరు ఒప్పుకుంటేనే."

"ఆ తలుపే లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో తెలుసా సారూ?"

"తెలుసమ్మా. అందుకే అడగలేక అడుగుతున్నా. గోడ లేకపోతే అవతలి టీములు రామంటున్నయ్."

"ఆ పిల్లోడు ఆడుతున్నాడా?"

"భుజానికి కట్టు విప్పారంట. ఆడతాడో లేదో వాళ్లకే తెలియదు."

పెరట్లోకి పోయి తలుపు చూసుకున్నాను. కింద చెక్కకి పసుపు మరక ఇంకా ఉంది.

"కట్టు" అన్నాను.

సిమెంటు ఇటుకలతో కట్టారు, నా ఎత్తుకి రెండింతలు. ఇప్పుడు పెరట్లోకి ఎండ కూడా ఆలస్యంగా వస్తది. బంతి రాదు.

ఈ ఏడు టోర్నమెంటు పెట్టారు. అవతలి వాళ్లు వచ్చారని మైకులో విన్నాను. మా మరిది కొడుకు తెల్లచొక్కా వేసుకుని నా గుమ్మం ముందు నుంచే పోయాడు. నేను పెరట్లో, తలుపు ఉన్న చోట, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. బంతిని తన్నిన చప్పుడు వినపడతది, ఎవరు తన్నారో తెలియదు. గోలు పడితే లేచే కేకా, మనిషిని కొట్టడానికి లేచే కేకా మొదట్లో ఒకేలాగ ఉంటాయి. కేక లేచినప్పుడల్లా నేనూ లేస్తున్నాను. చెయ్యి గడియ కోసం పోతది. అక్కడ సిమెంటు తగులుతది.

రెండో సగంలో గోడ అవతల, బాగా దగ్గర్లో, "నాది! నాది!" అని వినపడింది.

అతనో కాదో. గోల్‌కీపర్లంతా అట్టాగే అరుస్తారేమో. "నీళ్లు కావాలా నాయనా?" అని అడిగాను, గట్టిగానే. జనం గోలలో ఎవరికీ వినపడి ఉండదు.

ఈల ఊదారు. ఆట మళ్లీ మొదలైంది. నేను కూర్చున్నాను.