గంప పట్టిన మేనమామ

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతుదాకా వచ్చి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా చెల్లెలి భర్త చిన్న వయసులోనే పోయాడు. వాళ్ల పాపను పెంచింది మా అన్న. తిరుమలగిరి దగ్గర పత్తి వేసుకుని బతికే మనిషి, ఆ పిల్ల చదువుకు ఏ లోటూ రానివ్వలేదు. నేనూ మేనమామనే. సూర్యాపేటలో ఉద్యోగం చేసుకుంటూ, పండక్కి ఒక డ్రెస్సు కొనిచ్చి చేతులు దులుపుకున్న మేనమామను. మాలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకొస్తాడు. పెళ్లి కుదిరిన రోజునే అందరూ అన్న పేరు అనేశారు. నావైపు ఎవరూ చూడను కూడా చూడలేదు. నాకు కడుపు మండింది. న్యాయమా అది? కాదు. అయినా మండింది.

పెళ్లి మిర్యాలగూడలో. వదిన ముందురోజే వెళ్లింది. పొద్దున అన్న ఒక్కడే తన పాత కారులో మా ఇంటికొచ్చి, హాలుకు దారి పెట్టమని ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఆయనకు చదువు అంతంతమాత్రం. ఫోన్‌లో దారి చెప్పే ఆ ఆడగొంతును మాత్రం పూర్తిగా నమ్ముతాడు, కుడికి అంటే కుడికే. మిర్యాలగూడలో ఊరికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి కొత్త ఫంక్షన్ హాళ్లున్నాయి. పెళ్లి ఒకదానిలో. నేను ఫోన్‌లో రెండోదాని పేరు కొట్టాను.

ఫోన్ తిరిగి ఇస్తుంటే అన్న అన్నాడు: "తమ్మీ, గంపకు నువ్వొక దిక్కు పట్టు, నేనొక దిక్కు పట్టుకుంట. పాపకు మనమిద్దరమే గదా."

అప్పుడైనా మార్చొచ్చు. ఎంతసేపు పని? "ముందు నువ్వు టైలర్ కాడికి పోయి పాపకు పెట్టే చీర, జాకెట్ తీస్కో అన్నా, నేను పూలు తీస్కొని పోత" అన్నాను.

అన్న ఇంకా రాలేదు, కోదాడ నుంచి వచ్చిన మగపెళ్లివారు ముహూర్తం దాటకూడదని పట్టుబట్టారు. నా జేబులో ఫోన్ మోగింది. అన్నే. మళ్లీ మోగింది. తీసి చూసి, సైలెంట్‌లో పెట్టి, గంప పట్టాను. వదినకూ చేశాడట, బ్యాండు మోతలో ఆమెకు వినపడలేదు. తలంబ్రాలు అయ్యాక అన్న చీర కవరుతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరి పెళ్లికో వెళ్లి, పెళ్లికూతురి ముఖం చూశాక గానీ తెలియలేదట. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "నేనే సరిగ ఇనలే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత ఆయన కారు తీయడం మానేశాడు. ఎక్కడికైనా బస్సే. కండక్టర్ ఊరి పేరు చెప్పినా పక్కవాళ్లను ఇంకోసారి అడుగుతాడు. పోయిన నెల సూర్యాపేటలో చెవుల డాక్టరుకు చూపించమన్నాడు. తీసుకెళ్లాను. ఏ దోషమూ లేదన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "మంచిగనే ఇనపడ్తదంటున్నరు. మరి ఆనాడు ఎట్ల తప్పిన తమ్మీ?" అని అడిగాడు.

నా ముఖంలోకి చూస్తూ అడిగాడు. తెలిసి అడిగాడా? కాదు, ఆయనకు అలా అడగడం రాదు. నేను చేయి పట్టుకుని, "బండ్లొస్తున్నయ్, జర చూసి నడువన్నా" అన్నాను.

కోదాడలో పాప ఇంట్లో గోడ మీద ఆ రోజు ఫొటో ఉంది. గంప పట్టుకుని నవ్వుతున్నాను. వెళ్లినప్పుడల్లా ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను. అన్నకు చెబితే ఏమవుతుందో నాకు తెలియదు. చెప్పే ధైర్యం రేపు వస్తుందన్న హామీ కూడా ఇవ్వలేను. కానీ ఆ తప్పు హాలు పెట్టింది నేను. తెలిసే పెట్టాను. ఈ వాక్యం నాలో నేను కూడా ఎన్నడూ పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.