పొగగొట్టంలో బియ్యం సంచి

మా ఆవిడ జనవరి ఎండల్లో పోయింది. ఆ తర్వాత నాకు వేడీ తెలియలేదు, చలీ తెలియలేదు. మేముండే క్రాన్‌బర్న్‌లో చలికాలం జూన్‌లో. ఆ జూన్ వచ్చి, పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతుంటే ఆ వేళ్లు ఎవరివో అన్నట్టుండేది. ఏడుపు కూడా రాలేదు. వస్తుందేమోనని చుట్టూ ఉన్నవాళ్లు చూశారు, నేనూ చూశాను. రాలేదు, అంతే.

కర్మలు అయిన వారానికే మా తెలుగు ఆడవాళ్లు కొందరు వచ్చి ఆమె బీరువా ఖాళీ చేశారు. "ఇవి కళ్ల ముందుంటే మీకే కష్టం అంకుల్. పాత బట్టలు తీసుకునే ఆప్ షాప్‌లో ఇచ్చేస్తాం, ఎవరో ఒకరు వాడుకుంటారు," అంది ఒకావిడ. గంగిరెద్దులా తలూపాను. పట్టుచీరలు మా అమ్మాయికని విడిగా పెట్టారు. ఇంట్లో కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు మాత్రం నల్ల కవర్లలో కారెక్కాయి. వెలిసిపోయిన గుడ్డలు ఎవరికి కావాలిలే అనుకున్నాను. అసలు ఆ మాత్రం కూడా అనుకున్నానో లేదో.

మే నెలలో సిడ్నీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. మాకు ఒక్కతే కూతురు, తొలి చూలు. అక్కడ వాళ్లుండే పెండిల్ హిల్‌లో వాళ్లత్తగారు పక్క వీధిలోనే ఉన్నారు. అయినా పురుటికి పుట్టింటికే వస్తానంది.

"ఫస్ట్ డెలివరీ అమ్మ దగ్గరే అని ఫిక్స్ అయ్యాం కదా నాన్నా. సో ఐ యామ్ కమింగ్ హోమ్. ఫ్లైట్ ఎక్కనివ్వమనేలోపే వచ్చేస్తా."

"రా అమ్మా," అన్నాను.

"ఇంకోటి. అమ్మ ఓల్డ్ కాటన్ శారీ ఒకటి తీసి పెట్టు, ప్లీజ్. బేబీని ఫస్ట్ అందులోనే చుట్టాలి. నన్ను అమ్మమ్మ శారీలో చుట్టారుగా, ఫోటో ఉంది నా దగ్గర. జస్ట్ వన్, నాన్నా. నాకు ఇంకేం వద్దు."

"అలాగే," అన్నాను. ఇచ్చేశామని చెప్పలేదు.

మర్నాడు ఆప్ షాప్‌కి వెళ్లాను. కౌంటర్ దగ్గర ముసలావిడ పాపం లోపలంతా వెతికింది. అలాంటి మెత్తటి గుడ్డ నిలవదట, బొంతలు కుట్టేవాళ్లు వచ్చిన రోజే పట్టుకుపోతారట. థాంక్స్ చెప్పి, కారులో ఊరికే కూర్చుని, ఇంటికి వచ్చేశాను.

చీర ఎలాగూ లేదు, ఇల్లయినా వెచ్చగా ఉండాలి కదా అనిపించింది. మా ముందు గదిలో చలి కాచుకునే పాతకాలపు ఇటుక పొయ్యి ఒకటుంది. దాని పొగగొట్టం గొంతులో డాంపర్ అని ఒక ఇనుప రేకు ఉంటుంది. మంట వేస్తే తెరవాలి, లేనప్పుడు మూయాలి. మాది తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. హీటర్ వేడంతా అందులోంచే ఆకాశానికి పోయేది, చల్లగాలి అందులోంచే దిగేది. "వచ్చే వీకెండ్ చేయిద్దాం," అని నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాణ్ణి. "మీరు దాన్ని బాగు చేయించేలోపు మనకు మనవలు పుడతారు," అనేది మా ఆవిడ. ఒక చలికాలం ఉన్నట్టుండి గాలి ఆగింది. ఏం చేశావని అడిగితే, "ఏదో చేశాలెండి. మీరు మాత్రం అందులో మంట పెట్టకండి," అంది. పెట్టలేదు. ఇంకేమీ అడగనూ లేదు.

పాత పొయ్యిలోపలే ఇమిడిపోయే ఇనుప పొయ్యిలు వస్తాయి. పెల్లెట్‌లనే చెక్కపొట్టు గుళికలతో మండేది ఈజీ నాన్నా అని ఫోన్లో అంది అమ్మాయి. కరెంటు పోతే అది ఆగిపోతుందన్నాడు బిగించడానికి వచ్చినతను. పచ్చి బాలింత ఉండబోయే ఇల్లు, కట్టెలదే పెట్టమన్నాను. చిమ్నీ పైదాకా స్టీలు గొట్టం వేయాలట. ముందు డాంపర్ రేకు కోసి తీయాలట. తర్వాత గొట్టం చుట్టూ సందు మూసేస్తూ కొత్త రేకు బిగించాలట. అతను వెల్లకిలా పడుకుని లోపలికి చెయ్యి పెట్టాడు.

"ఏదో అడ్డుంది, మేట్," అన్నాడు.

లాగాడు. మసి జలజలా రాలి, దాని వెనకే పది కిలోల బాస్మతి సంచి ఒకటి దబ్బున పడింది. మూతికి లంగా బొందు బిగించి ఉంది. ఆ ముడి నాకు తెలుసు. పచ్చడి జాడీకి గుడ్డ కట్టినా, ఊరెళ్లే పెట్టెకు తాడు కట్టినా ఆమె వేసేది ఆ ముడే.

"దీని కింద మంట వేసి ఉంటే ఇల్లు తగలబడేది," అన్నాడతను. "చెత్తలో పడేయనా?"

"నో," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సంచిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో మడత మీద మడత వేసి కుక్కిన చీర. లేత ఆకుపచ్చ నూలు చీర, వంటింట్లో కట్టుకునేది. మసి లోపలికి చేరలేదు. కొంగున పసుపు మరక అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగ వాసన తప్ప ఆమె వాసన ఏమీ రాలేదు. అప్పుడూ ఏడుపు రాలేదు. ఉతికి ఆరేశాను. ఎండ లేక ఆరడానికి మూడు రోజులు పట్టింది.

జూలైలో మనవరాలు పుట్టింది. హాస్పిటల్‌లోనే ఆ చీర కొంగు వైపు చింపిన ముక్కలో చుట్టారు. ఇంటికొచ్చిన సాయంత్రం పొయ్యి వెలిగించాను. అమ్మాయి పాపను నా ఒళ్లో పెట్టి, గాజు తలుపు వెనక మంటను చూస్తూ, "ఫైనల్లీ డాంపర్ ఫిక్స్ చేయించావు నాన్నా. అమ్మ ఎన్నిసార్లు అడిగింది," అంది.

చేయించాను. ఆమె అన్నట్టే, మనవరాలు పుట్టే వేళకే చేయించాను. చూశారా, నేను చెప్పలేదూ అనడానికి ఆమె లేదు. మోకాళ్లకు సెగ తగిలింది. జనవరి తర్వాత ఇదిగో ఇది వేడి అని తెలియడం అదే మొదలు. ఏడుపు అప్పుడొచ్చింది. పాప మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను. అమ్మాయి పాపకు చుట్టిన ఆ పచ్చ కొంగు కొస పట్టుకుని నా కళ్లు తుడిచింది.