పద్నాలుగో పేరు

గురజాలలో కోర్టు గోడవారన, రేకుల పంచ కింద, జాన్ సాహెబ్ బల్ల వేసుకుని కూర్చోబట్టి ఇరవై ఆరేళ్ళయింది. బల్ల మీద ఇంగ్లీషు టైపు మిషను, కార్బన్ కాగితాల పెట్టె, తెల్లకాగితాలు ఎగిరిపోకుండా ఒక నాపరాయి ముక్క. సత్తెనపల్లిలో టైపు హయ్యరు పాసై వచ్చిన కొత్తలో పింఛను అర్జీలు, పట్టా అర్జీలు రాసేవాడు. తర్వాత్తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ తగాదాలన్నీ ఆయన బల్ల దగ్గరికే వచ్చాయి. దెబ్బలు తిన్నవాడు ముందు జాన్ సాహెబ్ చేత ఫిర్యాదు రాయించుకుని, ఆ తర్వాతే స్టేషనుకి వెళ్ళేవాడు.

ఎవరొచ్చినా ఆయన ఏం జరిగిందని అడగడు. ఏం కావాలని అడుగుతాడు. పింఛను కావాలా, పొలం కావాలా, ఎదుటివాడు నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం కావాలా. కావలసిందేదో తెలిస్తే, జరిగిందేదో దానికి తగ్గట్టు తనే వచ్చి కూర్చుంటుందని ఆయన నమ్మకం.

ఆ పనితనం మీద ఆయనకి కొంచెం గర్వం కూడా ఉండేది. దొంగ సాక్ష్యం ఎన్నడూ చెప్పలేదు. ఒకరి సొమ్ముకి ఆశపడలేదు. నమాజు తప్పలేదు. ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేశాడు. "అంతమంది ఏడుపులు రోజూ వింటా అన్నం ఎట్టా తింటావు?" అని భార్య హజ్రా బీ అడిగితే, "ఏడుపు వాళ్ళది, టైపు నాది" అని కంచం ముందుకి లాక్కునేవాడు.

1988 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్నే, ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి ఒకతె అట్ట ఫైలు గుండెలకి ఆనించుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది. పేరు కృపామణి అంది. మాచర్లలో బి.ఏ. పాసయిందట.

"ఒక కాగితం ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసి పెట్టాలండి సాయిబు గారూ. ఇయ్యాలే రిజిస్టరు చేయాలి. రేపైతే గడువుకి అందదు. మా నాన్న పోస్టాఫీసు మెట్ల కాడ కూర్చుని ఉన్నాడు."

పక్కనే టీ బడ్డీ నడిపే నాగేంద్రమ్మ పాలగిన్నె మీంచి తల ఎత్తింది. "ఏం కేసమ్మాయ్?"

"కేసు కాదత్తా. చదువు."

"చదువుక్కూడా సాయిబన్న దగ్గరికేనా? ఇంక పెళ్ళి సంబంధాలక్కూడా ఈయనే రాసి పెడతాడు."

"నీకు రాయమంటావా?" అన్నాడు జాన్ సాహెబ్ మిషనులోకి కాగితం ఎక్కిస్తూ.

"ఉన్నోడితోనే చస్తన్నా. నాకేం వద్దు."

కృపామణి నవ్వి, ఫైల్లోంచి ఫారం తీసి ముందు పెట్టింది. ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయం. రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు అనే ఎం.ఏ. ఈ చదువు నీకెందుకు కావాలి, ఏ అనుభవం నిన్ను దీని దగ్గరికి తెచ్చింది, ఒక పేజీలో సొంత మాటల్లో రాసి పంపాలి అని ఉంది. ఆ పేజీ నచ్చినవాళ్ళనే ఇంటర్వ్యూకి పిలుస్తారట. కాలేజీలో లెక్చరరు ఒకాయన ఫారం తెప్పించి ఇచ్చి, రాసేది మాత్రం నువ్వే రాయి అన్నాడట. తెలుగు మీడియం చదువు కాబట్టి తెలుగులోనే నాలుగు పేజీలు రాసి తెచ్చింది.

"ఏం కావాలి? సీటేగా?" అన్నాడు జాన్ సాహెబ్.

"సీటేనండి."

ఆయన ఆ నాలుగు పేజీలూ నాపరాయి కింద పెట్టి, తన పద్ధతిలో కొట్టడం మొదలుపెట్టాడు. పది నిమిషాలకి చేయి ఆపి, కొట్టినదానికి తెలుగులో అర్థం చెప్పాడు. నిరుపేద కుటుంబంలో పుట్టి, రోగిష్టి తండ్రి మంచానపడగా, వేరే ఆధారం లేక, తమరి దయాదాక్షిణ్యాల మీదే ఆశ పెట్టుకుని...

"మా నాన్నకి రోగమేం లేదండి" అంది కృపామణి.

"ఉంటే మంచిదమ్మా."

"ఉంటే మంచిదా?"

"కాగితంలో."

ఆ అమ్మాయికి నవ్వు రాలేదు. "నేను రాసింది మీరు చదవలేదు సాయిబు గారూ. అందులో దయ చూపించమని ఎక్కడా అడగలేదు. ఒకసారి చదవండి."

ఇంత చిన్నపిల్ల చేత చెప్పించుకోవడం ఆయనకి చిన్నతనంగానే అనిపించింది. అయినా కళ్ళద్దాలు తుడుచుకుని పేజీలు తీశాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

మొదటి పేజీలో ఊరి సంగతి. మేజరు కాలవ నీళ్ళ వంతు దగ్గర వెంకట్రామయ్య మనుషులకీ, లక్ష్మీనారాయణ మనుషులకీ కొట్లాట జరిగింది. రెండో పేజీ తిప్పాడు.

"లక్ష్మీనారాయణ గారి మనిషికి చెయ్యి విరిగింది. కొట్టినవాళ్ళు ఆరుగురని ఊరంతా చూసింది. ఫిర్యాదులో పద్దెనిమిది పేర్లు వచ్చాయి. పద్నాలుగో పేరు మా నాన్న చిన్నప్పది. ఆ రోజు మా నాన్న ఊళ్ళో లేడు, నూజెండ్లలో మా అక్క కాన్పుకి వెళ్ళాడు. ఆయన చేసిన నేరం వెంకట్రామయ్య గారి దగ్గర పాలేరుగా ఉండటమే. పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు, మూడేళ్ళు వాయిదాలకి తిరిగాడు. చివరికి పెద్దవాళ్ళిద్దరూ రాజీ పడ్డారు. మా నాన్న చేత వేలిముద్ర వేయించుకున్నారు, కేసు పోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. తర్వాతి నెల కూడా సద్ది కట్టుకుని వెళ్ళి, పొద్దుగూకేదాకా కోర్టు దగ్గర కూర్చుని వచ్చాడు."

జాన్ సాహెబ్ అక్కడ ఆగాడు. ఎనభై ఒకటి. మిరప కోతల ముందు.

కింద ఇంకా ఉంది.

"పాలేర్ల పేర్లు కూడా పెట్టమన్న ఆలోచన లక్ష్మీనారాయణ గారిది కాదని, ఫిర్యాదు రాసిన మనిషిదని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మనిషికి మా నాన్న మీద కోపం లేదు. మా నాన్న ఎవరో కూడా తెలియదు. కోపం లేకుండా, మొహం చూడకుండా ఒక మనిషి ఇంకొక మనిషిని శత్రువుల పట్టీలోకి ఎట్లా ఎక్కిస్తాడు? పెద్ద రాజ్యాలు తగాదా పడినప్పుడు చిన్న దేశాల పేర్లు పట్టీలోకి ఎక్కించేది ఎవరు, రాజీ అయినప్పుడు వాటికి ఆ మాట చెప్పేది ఎవరు? నేను చదవాలనుకుంటున్నది ఇది."

ఆయనకి లక్ష్మీనారాయణ మొహం గుర్తొచ్చింది, పొడుం పీలుస్తూ ఎదురుగా కూర్చోవడం గుర్తొచ్చింది. "ఏం కావాలి?" అని తను అడిగాడు. "వాడు ఈ యేడు కోత కొయ్యకూడదు" అన్నాడు లక్ష్మీనారాయణ. "ఆరుగురి పేర్లతో కోత ఆగదు. పనోళ్ళ పేర్లు చెప్పండి" అన్నది తనే. లక్ష్మీనారాయణ వేళ్ళు మడిచి చెబుతూ పోతే తను కొడుతూ పోయాడు. పూర్తయ్యాక లక్ష్మీనారాయణ భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఇంటికి వెళ్ళి హజ్రా బీకి కూడా చెప్పుకున్నాడు.

ఎదురుగా ఉన్న అమ్మాయి మొహంలోకి చూడలేక మిషను రిబ్బను సర్దాడు.

"ఈ ఫిర్యాదు రాసింది ఎవరో తెలుసా అమ్మా?" అన్నాడు, మామూలుగా అడిగినట్టు.

"తెలవదండి. నాన్నకి చదవటం రాదు. ఎవరైతే ఏంలెండి, అందరూ అట్టనే రాస్తారంట గదా."

"ఆఁ" అన్నాడు.

"నువ్వు టీ తాగి రా, గంటలో ఇస్తా" అని ఆమెని నాగేంద్రమ్మ బడ్డీకి పంపి, పని మొదలుపెట్టాడు. ఇంగ్లీషు మాటలు వెతుక్కోవలసిన పని ఆయనకి లేదు. కాలవ, కొట్లాట, జైలు, వాయిదాలు అన్నీ వేళ్ళకి తెలిసినవే. ఫిర్యాదు రాసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి. ఆ నాలుగు వాక్యాలూ వదిలేసి, పెద్ద రాజ్యాల దగ్గర మళ్ళీ అందుకున్నాడు.

కృపామణి వచ్చి, తన తెలుగు కాగితం పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు లైన్ల కింద వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఒక ముక్క పోయినట్టుందండి. ఫిర్యాదు రాసిన మనిషి సంగతి."

"నేనే తీసేశా."

"ఎందుకండి? అది లేకపోతే మిగతాదానికి అతుకు లేదు గదా."

"అట్టాంటివి రాస్తే సీటు ఇవ్వరమ్మా. కోర్టు కాగితాల మీద, రాసేవాళ్ళ మీద నిందలు వేసే పిల్ల అనుకుంటారు. ఇన్నేళ్ళుగా చూస్తన్నా. పైవాళ్ళకి నచ్చదు."

పైవాళ్ళంటే ఎవరో ఆయనకే తెలియదు. ఢిల్లీ నుంచి ఆయనకి ఒక కార్డుముక్క కూడా ఎన్నడూ రాలేదు.

"నేను దాని గురించే మొదలుపెట్టానండి" అంది కృపామణి. తర్వాత, "మీరు పెద్దోరు. మీకు తెలిసినంత నాకు తెలవదు" అని, ఆయన బల్ల మీది కలమే తీసుకుని తన తెలుగు కాగితంలో ఆ నాలుగు వాక్యాల మీద గీత కొట్టింది. అంత శుభ్రంగా ఉన్న పేజీలో అదొక్కటే కొట్టివేత. "ఇయ్యి మీ దగ్గరే ఉంచండి. నాకింక పనిలేదు." టైపు చేసిన పేజీ ఫైల్లో పెట్టుకుని, ఆయన వద్దంటున్నా టైపు డబ్బులు బల్ల మీద పెట్టి పోస్టాఫీసు వైపు వెళ్ళింది.

ఆమె మలుపు తిరిగీ తిరగకముందే పక్కూరి రైతు ఒకడు తలకి కట్టుతో వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. పైరులో గొడ్లు పడ్డాయట, తోపులాట జరిగిందట. "ముగ్గురు సాయిబు గారూ. కానీ మీరు ముగ్గురితో ఆపరు గదా, అందుకే మీ కాడికి వచ్చా" అని నవ్వాడు.

జాన్ సాహెబ్ మిషను మీంచి చేతులు తీసేశాడు. ఈ మాట ఇరవై ఆరేళ్ళలో ఎందరి నోట విని మీసంలో నవ్వుకున్నాడో.

"ఇవాళ రాయను" అన్నాడు.

"ఏంది, ఒంట్లో బాగాలేదా?"

"బాగాలేదు."

రైతు గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. నాగేంద్రమ్మ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, "మొహం అట్టా ఉందేందన్నా?" అంది. ఆయన కొత్త కాగితం ఎక్కించి, మొదటి నుంచీ మళ్ళీ కొట్టాడు. ఈసారి గీత కింది నాలుగు వాక్యాలనీ, ఎంత ఉన్నాయో అంతే పెట్టాడు. మెత్తపరిచే మాట ఒకటి చేతికి వచ్చింది గానీ వాడలేదు. కాగితం లాగి, బల్ల చూస్తుండమని నాగేంద్రమ్మకి చెప్పి బయల్దేరాడు.

పోస్టాఫీసులో రిజిస్టరు కిటికీ దగ్గర కృపామణి ముందు ఇద్దరున్నారు. కవరు ఇంకా అంటించలేదు.

"ఆ పేజీ తీసేసి ఇది పెట్టు" అన్నాడు, ఒగర్చుకుంటూ.

ఆమె అందుకుని చదివింది. వేలు ఈసారి అక్కడ ఆగి, దాటింది. "ఇది ఉంటే సీటు రాదన్నారు గదా."

"అబద్ధం చెప్పా. సీట్ల సంగతి నాకేం తెలవదు."

"మరెందుకు తీసేశారు?"

కిటికీ దగ్గర ముద్ర వేస్తున్న చప్పుడు. ఆయన ఆ చప్పుడు ఆగేదాకా చూశాడు.

"ఆ ఫిర్యాదు రాసింది నేను, తల్లీ. పనోళ్ళ పేర్లు చెప్పమన్నదీ నేనే."

కృపామణి కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. వెనకనున్న ముసలాయన "కదలమ్మా" అన్నాడు. ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"మా నాన్నని మీరు ఎప్పుడన్నా చూశారా?"

"చూళ్ళేదు."

ఆమె కవర్లోంచి పాత పేజీ తీసి, కొత్తది మడిచి పెట్టింది. అంచుకి జిగురు రాసి, అరచేత్తో రెండుసార్లు అదిమింది. తర్వాత తలుపు వైపు చూసి, "నాన్నా, ఒకసారి ఇట్టా రా" అని పిలిచింది.

మెట్ల మీద కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. నల్లగా, గట్టిగా ఉన్నాడు. భుజం మీద తువ్వాలు చేతిలోకి తీసుకుని చేతులు జోడించాడు.

"టైపు సాయిబు గారే గదండీ. దండాలు. పొద్దున్నించీ పని మానుకుని మా పిల్లకి రాసి పెట్టారంట. చానా సంతోషం."

జాన్ సాహెబ్ అమ్మాయి వైపు చూశాడు. ఆమె చెప్పేస్తుందని చూశాడు. చెప్పేస్తే బాగుండునని కూడా చూశాడు.

"సాయిబు గారు నీతో ఒక మాట చెప్పాలంట నాన్నా" అని ఆమె కిటికీ వైపు తిరిగి కవరు లోపలికి ఇచ్చింది.

చిన్నప్ప ఆయన వెంట బయటికి నడిచాడు. పెద్దమనిషి తనతో చెప్పే మాట ఏమై ఉంటుందా అని ఆలోచిస్తున్నట్టు కాసేపు చూసి, "నిలబడి ఎందుకండీ" అంటూ తువ్వాలుతో మెట్టు దులిపి, ఆ తువ్వాలునే అక్కడ పరిచాడు.

జాన్ సాహెబ్ కూర్చోలేదు. మెట్టు కింద, ఎండలో నిలబడే, "ఎనభై ఒకటిలో నీ పేరు..." అని మొదలుపెట్టాడు.