ఎడమ బొటనవేలికి అందే ఫోన్

మా ఎదురింటి ఆంటీ పోయారన్న కబురు, ఏ యాప్ కోసం ఆవిడ లోకంతో పట్టుపట్టారో ఆ యాప్‌లోనే వచ్చింది. టొరంటోలో మా స్కార్‌బరో అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూప్‌లో, లిఫ్ట్ పనిచేయడం లేదన్న మెసేజ్‌కీ, ఒక అంకుల్ అలవాటు కొద్దీ పంపిన గులాబీల గుడ్ మార్నింగ్‌కీ మధ్య. అంకుల్ కంగారుగా గులాబీలు తీసేసి క్షమాపణ చెప్పుకున్నారు. ఆంటీ ఉంటే ఉంచమనేవారు. ఎలాగూ తేవలసిన పువ్వులు, కాస్త ముందొచ్చాయి అనేవారు.

ఆ యాప్ పేరు చెప్పనక్కర్లేదు. పచ్చగా ఉంటుంది. అది లేని ఫోన్‌ని మన ఇళ్లలో ఫోన్ అనరు, గడియారం అంటారు.

ఆంటీది కాకినాడ. ఆవిడ అక్కగారు ఇంకా అక్కడే ఉన్నారు. చూపు మందగించి అక్షరాలు కనబడవు, అందుకని ఇద్దరి మధ్యా వాయిస్ మెసేజ్‌లే. పొద్దున్నే ఆంటీ పంపితే అక్కగారికి సాయంత్రం. అక్కగారు పొద్దున్నే పంపితే ఆంటీకి రాత్రి భోజనం వేళ. శుభ్రంగా కాల్ చేసుకోవచ్చు కదా అని అడిగాను ఒకసారి. "కాల్‌లో ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం నాయనా, ఒక్కరమూ వినం," అన్నారు.

చలికాలం పొద్దున్నే మాల్‌లో నడకకు వెళ్లేవారు. బస్‌స్టాప్‌లో చేతి తొడుగు తీసేసి, మైక్ బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, ముందు అక్క కోసం ప్రార్థన, తర్వాత కూరల సంగతి, చివర్న ఆమెన్. ఆమెన్ అయ్యేదాకా వేలు తీసేవారు కాదు. బస్సు వచ్చినా సరే. డ్రైవర్లు కూడా అలవాటు పడిపోయారు.

వేలిని పైకి జరిపితే రికార్డింగ్ లాక్ అవుతుందనీ, నొక్కి ఉంచే పని లేదనీ నేను కనీసం నాలుగు శీతాకాలాలు బోధించాను. చేసి చూపించాను కూడా. ఆవిడ శ్రద్ధగా చూసి, మెచ్చుకుని, మళ్లీ నొక్కిపట్టుకున్నారు. "చెయ్యి వదిలేసి మాట్లాడితే అక్కకి తెలిసిపోద్ది."

ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. అదే నెలలో, ఆవిడ పాత ఫోన్‌లో ఇక యాప్ పనిచేయదని నోటీసు రావడం మొదలైంది. చెయ్యి సంగతి డాక్టర్లు చూసుకుంటారన్నారు ఆంటీ. ఫోన్ సంగతికి నన్ను పిలిచారు.

ఈ బిల్డింగ్‌లో ఫోన్లకు ఆస్థాన పండితుణ్ణి నేను. ఎవరు కొనాలన్నా ప్రాసెసర్ మీద నా ఉపన్యాసం చివరిదాకా విని, ఆనక తమ బావమరిది చెప్పింది కొనేవారు. ఈసారి బావమరిది లేడు గానీ కొడుకు ఉన్నాడు. నేను అన్నయ్య అని పిలిచే ఆ కొడుకు విన్నిపెగ్ నుంచి పళ్లెమంత ఫోన్ పంపించాడు. ఆయన పిల్లలు మాట్లాడుకునే మెసేజ్‌లు ఆ రకం ఫోన్లకే సరిగ్గా వస్తాయి. వేరే ఫోన్‌వాళ్లు ఆ గ్రూప్‌లోకి వస్తే, భోజనాల్లో వేరే బంతిలో కూర్చోబెట్టినట్టే.

ఆంటీ దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నారు. మైక్ బొమ్మ ఉండేది కుడివైపు అడుగున. ఎడమ బొటనవేలు సగందూరం వెళ్లి ఆగిపోయింది. టేబుల్ మీద పెట్టి నొక్కమన్నాను. టేబుల్‌తో మాట్లాడటానికి కాదు కొనేది అన్నారు.

షాపుకి వెళ్లాం. సేల్స్ అమ్మాయి కెమెరా గొప్పతనం చెబుతుంటే ఆంటీ ఓపిగ్గా తల ఊపారు. ఆ తర్వాత తీగ కట్టి పెట్టిన ఫోన్లను ఒక్కొక్కటే ఎడమచేతిలోకి తీసుకుని, మూలకు వేలు చాచి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. డెమో ఫోన్లలో యాప్ లేదు ఆంటీ, ఉత్తుత్తిగా పట్టుకుంటే చాలు అన్నాను. ప్రార్థనలో ఉత్తుత్తిది ఉండదట. మూడో ఫోన్ దగ్గరికి వచ్చేసరికి సేల్స్ అమ్మాయి కూడా తల వంచుకుని నిలబడింది. ఆమెన్ దాకా వేలు జారకుండా నిలిచింది ఒక్కటే: షాపులోకెల్లా చిన్నది, కెమెరా గురించి ఆ అమ్మాయే మాట్లాడని ఫోన్.

అన్నయ్యకు అక్కడి నుంచే ఫోన్ చేశాం. పిల్లలు నొచ్చుకుంటారమ్మా, వాళ్ల గ్రూప్‌లో నువ్వుండవు అన్నాడు.

"పిల్లలకి ఇంకో యాప్ వేసుకునే వయసుందిరా. మా అక్కకి లేదు."

తర్వాతి ఆదివారానికల్లా మనవలు పచ్చ యాప్‌లోకి దిగారు. వాళ్లు ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఆవిడ తెలుగులో మాట్లాడి పంపేవారు. అర్థం కాకపోతే మీ నాన్నకి వినిపించండి అనేవారు. ఇంట్లో తండ్రీపిల్లల మధ్య మాటలు పెరగడానికి అదే కారణమని అన్నయ్య తర్వాత ఒప్పుకున్నాడు. నా మటుకు నేను ఫోన్ కొనేవాళ్లను ప్రాసెసర్ గురించి అడగడం మానేశాను. రోజూ ఎవరితో మాట్లాడతారు, వాళ్లు ఏ యాప్‌లో ఉంటారు, అని అడుగుతున్నాను. ఇప్పుడు బావమరుదుల మాట చెల్లడం తగ్గింది.

ఆవిడ ఎడమచేత్తో ఒక్క పొద్దు తప్పకుండా నెగ్గుకొచ్చారు. వేలు వణికిన రోజు మెసేజ్ మధ్యలో తెగిపోయేది. తిట్టుకోకుండా, వదిలిన చోటు నుంచే అందుకునేవారు.

సమాధి కార్యక్రమం అయిన సాయంత్రం నేనూ అన్నయ్యా ఆవిడ వంటగదిలో కూర్చున్నాం. పళ్లెమంత ఫోన్ పెట్టెలోనే ఉంది. చిన్న ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. దాని తెర మీది స్క్రీన్‌గార్డ్ అంతా కొత్తగా ఉంది, కుడివైపు అడుగు మూల మాత్రం మసకబారింది. భోజనం వేళకు అది టింగుమంది. కబురు తెలిసిన అక్కగారే, రోజూలాగే. అన్నయ్య నొక్కాడు.

"చెల్లీ, ఇయ్యాల నుంచి నీ వంతు లేదంట గదా. నేనే మాట్లాడతాలే."

తర్వాత కూరల సంగతి. ఆ తర్వాత ఆమెన్.

అన్నయ్యది కుడిచేతివాటం, రెండు చేతులూ బాగానే ఉన్నాయి. అయినా ఫోన్‌ని ఎడమచేతిలోకి తీసుకుని, బొటనవేలిని ఆ మసక మీదికి చాచి నొక్కాడు. "పెద్దమ్మా," అని ఆగిపోయాడు. పైకి జరిపితే లాక్ అవుతుందని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆయన మాటలు వెతుక్కుంటున్నంతసేపూ, గోరు తెల్లబడిపోయినా, ఆ వేలు అక్కడే ఉంది.